బొట్టు పెట్టి పిలిచిన బడి

పోయిన నెల మా అమ్మాయికి ఆసుపత్రిలో డ్యూటీ మారింది. ఆమె బదులు మనవరాలి బడిలో తల్లిదండ్రుల సమావేశానికి నేను వెళ్ళాల్సి వచ్చింది. ముప్పై ఏళ్ళకు పైగా టీచరు పని చేసి రిటైరైనదాన్ని కాబట్టి, బల్లకు ఈ పక్కన కూర్చుంటే ఎలా ఉంటుందో చూద్దామని సరదాగానే బయలుదేరాను. ఆదోనిలో మా ఇంటి నుంచి ఆ బడికి నడిచి పోవచ్చు. గేటు దగ్గర ముగ్గులు, మామిడాకుల తోరణం, ఫోటో దిగడానికి పూలు చుట్టిన చట్రం. తల్లులకు తాడు లాగే పోటీ పెట్టారు. నా మోకాళ్ళ నొప్పుల నడక చూసి నన్ను పిలవలేదు. తరగతి గదిలో ఒక కాగితం చేతికిచ్చారు. మీ బిడ్డతో రోజుకు ఎన్ని నిమిషాలు గడుపుతారు అని అందులో ఒక ప్రశ్న. నేను ఆలోచిస్తుంటే మనవరాలు చెవిలో, "అరవై అని రాయి అవ్వా, అందరూ అదే రాస్తాండారు" అంది. అరవై అని రాశాను.

టీచరమ్మ చిన్నపిల్ల, మంచిపిల్ల. మనవరాలి లెక్కల గురించి ఓపిగ్గా చెప్పింది. చెప్పి, వెనక వరసలో ఖాళీగా ఉన్న కుర్చీల వైపు చూసి నిట్టూర్చింది. "గ్రూపులో నాలుగుసార్లు మెసేజ్ పెట్టినానమ్మా. సగం మంది చూసినారు కూడా. రాలేదు. తల్లిదండ్రుల సహకారం అసలు లేదు మాకు." ఆ మాట వినగానే నాకు మహబూబ్ సార్ గుర్తుకొచ్చారు. నేను చదివిన ఎమ్మిగనూరు బడికి ఆయన హెడ్మాస్టరు. 'తల్లిదండ్రుల సహకారం లేదు' అని ఆయన ప్రతి నెలా రిజిస్టరులో రాసి, కింద సంతకం పెట్టి, పైవాళ్ళకు పంపేవారట. చాలా ఏళ్ళ తర్వాత ఆయనే నాకు చెప్పారు. పైవాళ్ళు కూడా ప్రతి నెలా దాన్ని చదివి, సహకారం పొందవలసింది అని జవాబు రాసేవారట.

మాది నేతగాళ్ళ వీధి. ఇంటింటికీ ఒక గుంత మగ్గం. మా నాయన కాళ్ళు గుంతలో పెట్టుకొని పొద్దున కూర్చుంటే మళ్ళీ అన్నానికే లేచేవాడు. అమ్మ రాట్నం ముందు కూర్చొని, మగ్గానికి కావలసిన నూలును కండెలుగా చుట్టేది. ఇంట్లో ఎప్పుడూ తడిసిన నూలు వాసన, పులిసిన గంజి వాసన. మా ఇంటికి వచ్చిన చుట్టాలు మొదటి రోజు ముక్కు మూసుకునేవారు, రెండో రోజుకు వాళ్ళూ అదే వాసన కొట్టేవారు. పొద్దున జొన్నరొట్టె, ఊరుబిండి పచ్చడి. పండగైతే అదే రొట్టె మీద కాస్త నెయ్యి. మగ్గం చప్పుడు ఆగితే మా వీధిలో పసిపిల్లలు నిద్ర లేచి ఏడ్చేవారు. అవ్వ, అంటే మా నాయన తల్లి, గడప పక్కన కూర్చొని నస్యం పీలుస్తూ, ఇంట్లో అందరి పనిలోనూ తప్పులు చెప్పేది. చదువుకుంటే కళ్ళు పోతాయని ఆమె గట్టి నమ్మకం. నలభై ఏళ్ళు చీకటి కొట్టంలో నేత నేసి ఆమె కళ్ళు అప్పటికే పోయాయి. దానికీ చదువుకూ సంబంధం ఏమిటని అడిగితే, "నేను సదివింటే ఇంకా బిన్నె, ఇంకా ముందే పోయిండేవి" అనేది.

బడికీ ఇళ్ళకూ మధ్య ఆ రోజుల్లో ఒకే ఒక్క ఒప్పందం ఉండేది. బడిలో చేర్పించిన రోజు నాయన నా చెయ్యి సార్ చేతిలో పెట్టి, "కండ్లు రెండూ ఇడిసిపెట్టండి సారూ, మిగతా తోలంతా మీదే" అన్నాడు. సార్ తలూపారు. అంతటితో ఇరుపక్షాల బాధ్యతలూ తీరిపోయాయి. తర్వాత నాలుగేళ్ళకు పైగా మా నాయన బడి గడప తొక్కలేదు, సార్ మా వీధిలో అడుగు పెట్టలేదు. సార్‌ది ఆదోని. వాళ్ళ నాయనకు అక్కడ బట్టల అంగడి. సార్ పొద్దున మొదటి బస్సులో వచ్చి సాయంత్రం బస్సులో పోయేవారు. చిన్నప్పటి నుంచీ బట్టల తానుల మధ్యే పెరిగినా, బట్ట ఎలా తయారవుతుందో ఆయన ఒక్కసారి కూడా చూడలేదు.

ఐదో తరగతిలో ఉండగా నా సంగతి ఇంట్లో తేలిపోయింది. ఐదు అయిపోగానే నేను రాట్నం ముందు కూర్చోవాలి. ఆరో తరగతికి పెద్ద రోడ్డు దాటి ఇంకో బడికి పోవాలి, అంత దూరం ఆడపిల్లను పంపేదేమిటని నాయన. ఇందులో కోపతాపాలేమీ లేవు. మగ్గానికి కండెలు కావాలి, అమ్మ ఒక్కతే చాలడం లేదు, నాకు చేతులున్నాయి. నాకు మాత్రం చదువుకోవాలని ఉండేది. ఎందుకని అడిగితే చెప్పలేకపోయేదాన్ని. పుస్తకంలో తర్వాతి పాఠం ఏమిటో తెలియకుండా ఉండిపోతానేమో అని భయం. అడగందే అమ్మయినా పెట్టదంటారు, నేను అడిగాను కూడా. అమ్మ, "మీ నాయననడుగు" అంది. నాయన, "మీ అమ్మనడుగు, కండెలు ఎవురు సుడతారో" అన్నాడు.

ఈ సంగతి తెలిసి మహబూబ్ సార్ నాయనను బడికి రమ్మని చీటీ పంపారు. చీటీ తెచ్చింది నేనే. అవ్వ దాన్ని నస్యం పొట్లం కట్టుకుంది. రెండోది పొయ్యిలోకి పోయింది. మూడోది నాయన చేతికే ఇచ్చాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మొహం నల్లగా చేసుకుని, "ఎవురు పోయినారు?" అని అడిగాడు. ఎవరూ పోలేదు, సార్ రమ్మన్నారు అన్నాను. "మరి చీటీ ఏమిటికి?" అని చూరులో చెక్కేశాడు. నాకు మాత్రం ఇందులో వింతేమీ కనిపించలేదు. మా వీధికి కాగితం వచ్చిందంటే ఎక్కడో ఒక ముసలాయన పోయినట్టే లెక్క. చీటీలు పోతూనే ఉన్నాయి, సార్ రిజిస్టరులో రాస్తూనే ఉన్నారు.

ఆ ఏడు చలికాలంలో ఒకరోజు మా పడుగు వీధిలో చాపారు. పడుగంటే బట్టకు నిలువుగా వచ్చే నూలు. దాన్ని వీధి పొడవునా కర్రల మీద సాగదీసి కట్టి, గంజి పట్టించి, రెండు పక్కలా మనుషులు నిలబడి పెద్ద పెద్ద కుంచెలతో దువ్వాలి. ఎండ ముదిరేలోపల, గాలి లేవకముందే అయిపోవాలి. ఒక ఇంటి పడుగుకు వీధంతా చెయ్యి వేస్తుంది, రేపు వాళ్ళ పడుగుకు మనం వేస్తాం. తెగిన పోగులను ముడి వేయడం పిల్లల పని, ఎందుకంటే మా వేళ్ళు సన్నం, కళ్ళు మంచివి. అందుకే పడుగు రోజు మా వీధి పిల్లలు ఒక్కరూ బడికి వేళకు పోయేవారు కాదు. సార్‌కు ఇదేమీ తెలియదు. వారానికి ఒకసారి ఒక వీధి పిల్లలంతా కట్టగట్టుకుని ఆలస్యంగా రావడం ఆయనకు అంతుబట్టలేదు. ఆ పొద్దు మొదటి బస్సు దిగి, సంగతేమిటో తేల్చుకుందామని నేరుగా మా వీధిలోకి వచ్చారు.

వీధికి అడ్డంగా పడుగు కనబడింది. ఆయన సంచి చంకన పెట్టుకొని, వంగి కిందినుంచి దూరబోయారు.

"సారూ, కిందికి దూరగాకు. పడుగు మీదికొస్తే సెయ్యి ఎయ్యల్ల, లేకుంటే ఆడే నిలబడల్ల" అంది అవ్వ. కళ్ళు కనబడకపోయినా ఎవరు ఎక్కడ ఉన్నారో ఆమెకు తెలుస్తుంది.

ఆడే నిలబడితే బడికి ఆలస్యం. సార్ సంచి మా అరుగు మీద పెట్టి, చొక్కా చేతులు మడిచి, ఎవరో ఇచ్చిన కుంచె పట్టుకున్నారు. ఆయన చేతిలో పదకొండు పోగులు తెగాయి. ముడి వేసింది నేనే కాబట్టి నాకు తెలుసు. అటుపక్క అవ్వ, ఇటుపక్క సార్. అడుగులో అడుగు వేసుకుంటూ పోవాలి, మధ్యలో వదిలిపెడితే గంజి ఆరిపోతుంది. ఎవరికీ తప్పించుకునే దారి లేదు. సార్‌కు అదే అదనుగా కనబడింది.

"ఏమవ్వా, పిల్లోల్లనంతా ఈడ పెట్టుకుంటే ఎట్ల? ఎన్ని చీటీలు పంపినా ఒక్కరూ రారు. మీకు బడంటే అంత లెక్కలేదా?"

అవ్వ కుంచె ఆపలేదు. "చీటీ పంపితే సావుకు పోతాం సారూ. పెండ్లికి పోము."

"ఇది సావు గాదు, పెండ్లి గాదు. బడి."

"ఆ బడి కట్టినప్పట్నుంచి సూస్తాండాను. జెండా పండగంటారు, పిల్లోల్ల ఆటలంటారు. మైకు ఈడికే ఇనపడతాది. ఒక్కనాడన్నా మా ఇండ్లకాడికొచ్చి బొట్టు పెట్టి పిలిసినారా? పిలవని పేరంటానికి మా వీదోల్లు యాడికీ పోరు."

వరసలో ఉన్న ఆడవాళ్ళు అవునన్నట్టు తలలూపారు. అప్పుడు నాకు అర్థమైంది, ఇన్నేళ్ళూ మా వీధి బడి మీద అలిగి ఉందని. బడేమో మా వీధి మీద అలిగి ఉంది. అలిగినట్టు రెండో పక్షానికి తెలియకుండా అలగడం చాలా కష్టమైన పని, కానీ ఇద్దరూ దాన్ని ఏళ్ళ తరబడి నిష్ఠగా చేశారు. సార్ కుంచె ఆపకుండా పడుగు చివరిదాకా నడిచారు. చివర కుంచె దించి, గంజి చేతులు తుడుచుకుంటూ అడిగారు.

"బొట్టు పెట్టేదానికి ఏమేం కావల్లవ్వా?"

"కుంకుమ భరిణె కావల్ల. పెట్టేదానికి ఆడమనిషి కావల్ల. నువ్వు పెడితే తంతారు. ఇంగ ఆదివారమని సెప్పగాకు, ఆదివారం మగ్గం నిలబడదు. అమాసనాడైతే మాకు తీరిక."

బడిలో ఇద్దరు టీచర్లూ మగవాళ్ళే. సార్ భార్య ఆదోని నుంచి రాలేదు. అందుకని సార్ తన జేబులోంచే భరిణె కొని, ముడి వేయడంలో నా పనితనం చూసినందుకో ఏమో, బడి తరపున పిలవడానికి నన్ను ఎంచారు. అమావాస్యకు రెండు రోజుల ముందు సాయంత్రం ఇద్దరం బయలుదేరాం. సార్ ప్రతి ఇంటి ముందూ గడప బయట గొడుగు పట్టుకుని నిలబడేవారు. ఎండా లేదు, వానా లేదు, చేతులు ఏం చేయాలో తెలియక గొడుగు తెచ్చుకున్నారు. నేను లోపలికి పోయి బొట్టు పెట్టి, "అమాసనాడు మా బడికి రావల్లంట" అని చెప్పేదాన్ని. సాయిబు సారు బొట్టు పెట్టించి పిలిపిస్తున్నాడని నాలుగిళ్ళ ముందే తెలిసిపోయింది. ఎవరూ దానికి ఏమీ అనలేదు. పిలవడం పద్ధతిగా ఉందా లేదా అన్నదే వాళ్ళు చూసింది.

మా ఇల్లు వీధి చివర. మేము వస్తున్నామని అమ్మకు తెలుసు. రాట్నం పక్కకు జరిపి, మొహం కడుక్కుని, ఉన్న రెండో చీర కట్టుకుని, చాప పరిచి కూర్చుంది. నన్ను చూసి లేచి నిలబడింది. మా అమ్మ నన్ను చూసి లేచి నిలబడడం నా జన్మలో అదే మొదలు. నేను బొట్టు పెట్టాను. కుంకుమ కాస్త ఆమె ముక్కు మీద పడింది.

"ఎవురింటి నుంచి వచ్చినావమ్మా?" అని అడిగింది, కొత్తవాళ్ళను అడిగినట్టే.

"బడి నుంచి" అన్నాను.

"వస్తామని సెప్పు."

తను నవ్వలేదు, నేనూ నవ్వలేదు. నేను బయటికి పోయి, వస్తామన్నారు సార్ అని చెప్పి, సార్ బస్సుకు పోయాక మళ్ళీ అదే గడప దాటి లోపలికి వచ్చాను. "ఇంత పొద్దుపోయేదాకా ఎవురన్నా తిరుగుతారా, నీళ్ళు ఎవురు తెస్తారు" అని అమ్మ తిట్టింది.

అమావాస్య రోజు మా వీధి వీధంతా పెళ్ళికి పోయినట్టు బడికి పోయింది. మగవాళ్ళు కొత్త తువ్వాళ్ళు వేసుకున్నారు. ఆడవాళ్ళు తట్టల్లో బియ్యం, కొబ్బరిచిప్ప, రవికె గుడ్డ పెట్టుకుని వచ్చారు. పిలిచిన ఇంటికి ఉత్తచేతులతో పోతారా. సార్ ఆ తట్టలు ఎక్కడ పెట్టాలో తెలియక వరసగా బల్ల మీద హాజరు పట్టీల మీదే పెట్టించారు. గదిలో మగపిల్లల వైపు మగవాళ్ళు, ఆడపిల్లల వైపు ఆడవాళ్ళు కూర్చున్నారు. హాజరు గురించి సార్ అరగంట మాట్లాడారు. అయిపోయాక నమస్కారం పెట్టారు. ఎవరూ లేవలేదు. సార్ మళ్ళీ నమస్కారం పెట్టారు. అందరూ తిరిగి పెట్టి, కూర్చునే ఉన్నారు.

"ఇస్తరాకులు యాడ ఏస్తాండారు సారూ?" అంది అవ్వ.

పిలిచి భోజనం పెట్టకపోవడం ఒకటి ఉంటుందని మా వీధికి తెలియదు. పిలిస్తే భోజనం పెట్టాలని సార్‌కు ఎవరూ చెప్పలేదు. రెండో సార్ పరుగున పోయి ఒక మూట బొరుగులు, ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు తెచ్చారు. వచ్చిన అతిథులే బడి ఆవరణలో పొయ్యి పెట్టి, బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేశారు. అందరూ తరగతి గదిలోనే బంతి కూర్చున్నారు. వడ్డించడానికి సార్ స్వయంగా గంటె పట్టుకుని వరస వెంబడి వచ్చారు. ఉప్పు చాల్లేదని అవ్వ మొదటి ముద్దకే తేల్చేసింది.

సార్‌కు చెప్పాల్సిన మాటలన్నీ అప్పటికే అయిపోయాయి. వడ్డిస్తూ ఊరికే ఉండలేక, ఒక్కో ఆకు దగ్గరా ఆగి, "మీ పిల్లోడు ఇంట్లో ఏం జేస్తాడు?" అని అడగడం మొదలుపెట్టారు. అప్పటిదాకా బడి మమ్మల్ని అడిగింది ఎక్కాలే. వాళ్ళు చెప్తుంటే సార్ గంటె గాల్లోనే పట్టుకుని వింటున్నారు. ఒకడు మేకకు పురుడు పోయగలడని తెలిసింది. లెక్కల్లో సున్నా తెచ్చుకునే ఇంకొకడు అద్దకం రంగు చెంచాతో కొలవకుండానే సరిగ్గా కలుపుతాడట. మా నాయన వంతు వచ్చింది.

"మా పాపకు పోగు తెగితే సూడల్సిన పని లేదు సారూ. యేలు పెట్టి సెప్తాది యాడ తెగిందో. అట్ల ముడి ఏసేటోల్లు మా వీదిలోనే లేరు."

అటువైపు గోడకు ఆనుకుని నేను విన్నాను. ఆయన నా గురించి అంత మాట అంటాడని నాకు తెలియదు.

"అట్లాంటి పాపను ఆరుకు పంపవా రంగప్పా?" అన్నారు సార్.

"అట్లాంటిది గాబట్టే ఇంట్లో పెట్టుకుంటాంటిమి" అన్నాడు నాయన. అందులో తప్పేమీ ఎవరికీ కనబడలేదు. వరసలో ఇద్దరు ముగ్గురు తలూపారు. సార్ గంటె కిందికి దిగింది. ఆయన ముఖం చూసి నా పని అయిపోయిందనుకున్నాను.

అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి అమ్మ మాట్లాడింది. నలుగురిలో మా అమ్మ గొంతు నేను ఎప్పుడూ విని ఉండలేదు. ఆకులో నుంచి తల ఎత్తకుండానే అంది.

"బొట్టు నాకు పెట్టినారు. పిలిసింది నన్ను. నన్నడగల్ల గదా సారూ."

గదిలో నమలడం ఆగింది. సార్ ఆమె వైపు తిరిగి, "సెప్పమ్మా" అన్నారు.

"పాప పోతాది. కండెలు నేను సుట్టుకుంటా. పడుగునాడు మాత్రం పోగులు అతికినంక పంపుతా. ఆ పొద్దు ఆలిసమాయెనని మా వీది పిల్లోల్లను నిలబెట్టగాకండి. ముందురోజే మీకు మాట పంపుతాం."

"అట్లనే అమ్మా. పెద్ద బడి సారుతో కూడా నేనే మాట్లాడతా" అన్నారు సార్.

అందరూ నాయన వైపు చూశారు. ఆయన తన ఆకు వైపు చూసుకున్నాడు. బొట్టు పెట్టి పిలవాలన్నది అవ్వ పెట్టిన పద్ధతే కాబట్టి, కాదనడానికి ఆమెకూ దారి లేదు. చివరికి నాయన, "ఇంకొంచెం ఎయ్యి సారూ" అన్నాడు. సార్ రెండు గంటెలు వేశారు. నాయన మొత్తం తిన్నాడు.

నేను ఆరుకు పోయాను, ఆ తర్వాతా పోయాను. ఇద్దరు మనుషుల పని అమ్మ ఒక్కతే చేసింది. నేను డిగ్రీకి వచ్చేసరికి ఆమె కుడి భుజం పైకి లేచేది కాదు, జడ వేసుకోవాలంటే పక్కింటి ఆమెను పిలిచేది. నేను ఎప్పుడూ రాట్నం దగ్గరికి పోయి, ఒక గంట నేను తిప్పుతాలే అనలేదు. నా పరీక్షలు నాకు ఉండేవి. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు సిగ్గుగానే ఉంది. ఏం చదువుతున్నావని ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. ఉద్యోగం వచ్చిందని చెప్పిన రోజు మాత్రం, "ఏ ఊరి బడి?" అని అడిగి, పేరు విని, "పిల్లోల్ల అమ్మలు మంచోల్లేనా?" అంది. ఇంకా చేరలేదమ్మా, నాకేం తెలుసు అన్నాను.

ఇప్పటి బడులు నిజంగానే బాగున్నాయి. నీళ్ళున్నాయి, ఫ్యాన్లున్నాయి, పిల్లను ఒంటికాలి మీద నిలబెట్టే టీచర్లు లేరు. సమావేశానికి వచ్చిన తల్లికి కుర్చీ వేస్తున్నారు, భోజనమూ పెడుతున్నారు, ఎవరూ అడగకుండానే. మా కాలమే గొప్పదని చెప్పడానికి నాకు నోరు రాదు, నా వీపు మీద ఆ కాలపు గుర్తులు కొన్ని ఇంకా ఉన్నాయి. అయినా ఆ రోజు ఖాళీ కుర్చీల వైపు చూస్తున్న టీచరమ్మకు మహబూబ్ సార్ సంగతి చెబుదామనిపించింది. ఒకసారి ఆ ఇళ్ళకు పోయి చూడమ్మా అందామని నోరు కూడా తెరిచాను. తెరిచి, మూసుకున్నాను. ఆ మాట అనే అర్హత నాకు లేదు.

నేను చాలా ఏళ్ళు పని చేసింది కౌతాళం దగ్గర ఒక చిన్న ఊళ్ళో. ఆ ఊళ్ళో ఏటా సుగ్గికి పోయేవారు. అంటే ఇంటిల్లిపాదీ మూట కట్టుకుని గుంటూరు వైపు మిరపకోతలకు పోయి, నెలల తర్వాత తిరిగి రావడం. ఈరమ్మ అని ఒక పిల్ల ఐదో తరగతిలో ఉండేది. లెక్కలు నోటితోనే చేసేది. ఆ పిల్లను సుగ్గికి తీసుకుపోతారని తెలిసి నేను ఇంటికి చీటీ పంపాను. జవాబు లేదు. ఇంకోటి పంపాను. మూడోది ఎర్ర సిరాతో రాశాను. తర్వాతి సోమవారం ఆ పిల్ల రాలేదు, ఆ ఏడు రాలేదు, మరి బడికే రాలేదు. తల్లిదండ్రుల సహకారం లేదు అని రిజిస్టరులో రాసి సంతకం పెట్టాను. వాళ్ళ ఇల్లు నేను బస్సు ఎక్కే చోటికి పోయే దారిలోనే ఉండేది. ఆ మూడు చీటీలు పంపిన రోజుల్లో కూడా సాయంత్రం వాళ్ళమ్మ వాకిట్లో కూర్చుని ఉండేది. టీచరమ్మ పోతోందని నన్ను చూడగానే లేచి నిలబడేది. నేను తలూపి, బస్సు పోతుందేమోనని గబగబా నడిచేదాన్ని.